వ్యాధికన్నా ఒక అడుగు ముందు

మోటార్ న్యూరాన్ వ్యాధి ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి ప్రపంచమంతటా నరాల వైద్యులు వాడే పరీక్ష ఒకటుంది. అందులో సూది గుచ్చడం లేదు, స్కానింగ్ లేదు. ఉన్నవి 12 ప్రశ్నలు. మాట స్పష్టంగా వస్తోందా? నోట్లో ఉమ్మి నిలిచిపోతోందా? గుటక దిగుతోందా? చేతిరాత ఎలా ఉంది? ఒకరు తినిపించకుండా భోజనం చేయగలుగుతున్నారా? బట్టలు వేసుకోవడం, స్నానం సంగతేమిటి? పక్కమీద ఒత్తిగిల్లగలుగుతున్నారా? నడక ఎలా ఉంది? మెట్లు ఎక్కగలరా? మిగిలిన మూడు ప్రశ్నలూ ఊపిరి గురించి. ఒక్కోదానికి 4 చొప్పున మొత్తం 48 మార్కులు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి 48కి 48 వస్తాయి. వ్యాధి ముదిరేకొద్దీ అవి తగ్గుతూ పోతాయి. 1999లో ఇప్పటి రూపానికి వచ్చిన ఈ కొలతనే కొత్త మందుల ప్రయోగాల్లోనూ ప్రమాణంగా తీసుకుంటున్నారు.

ఈ ప్రశ్నల్లో ఎక్కడా నాడీకణాల ఊసు లేదు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మనిషి తన ఒంటికి తాను చేసుకునే పనులే ఉన్నాయి. ఫిజియోథెరపిస్టూ ఆక్యుపేషనల్ థెరపిస్టూ పనిచేసేది సరిగ్గా ఈ పనుల మీదే. కదలికను, కీళ్లను, ఊపిరిని ఫిజియోథెరపిస్టు చూసుకుంటారు. ఆ కదలికతో మనిషి తన పని తాను చేసుకోవడానికి ఏ మార్పులు కావాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. వ్యాధిని నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అయితే నయం చేసే మందు లేకపోవడం వేరు, చేయగలిగింది ఏమీ లేకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా పొరబడడం వల్ల ఎంతోమంది రోగులు తమకు దక్కవలసిన సాయం అందకుండానే మంచం పడుతున్నారు.

ఒంట్లో జరిగేదేమిటి

1869లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించాడు. చేతిని ఎత్తాలన్న ఆజ్ఞ మెదడు పైపొరలోని చాలక నాడీకణాల నుంచి బయలుదేరుతుంది. వెన్నుపాములో గాని, మెదడు కాండంలో గాని ఉన్న రెండో వరుస కణాలు దాన్ని అందుకుని కండరానికి చేరవేస్తాయి. ఈ వ్యాధిలో ఎక్కువగా కనిపించే రకాన్ని ఎ.ఎల్.ఎస్. అంటారు. అందులో రెండు వరుసలూ క్రమంగా చచ్చిపోతాయి. పై వరుస పోతే కండరాలు బిగుసుకుపోతాయి, అడుగు తేలికగా పడదు. కింది వరుస పోతే కండ కరుగుతుంది, చర్మం కింద సన్నగా అదురుతుంది, పట్టు సడలుతుంది. ఒకే మనిషిలో ఒక కాలు బిగుసుకుపోవడం, ఒక చెయ్యి వాలిపోవడం కనిపించేది ఇందుకే.

స్పర్శ మాత్రం పోదు. దోమ కుట్టింది తెలుస్తుంది, చెయ్యెత్తి తోలుకోవడం కుదరదు. కళ్లను కదిలించే కండరాలు, మలమూత్రాలను ఆపుకునే కండరాలు చాలామందిలో చివరిదాకా పనిచేస్తాయి. థెరపిస్టులకు ఈ రెండూ ఎంతో విలువైన విషయాలు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఐరోపా లెక్కల ప్రకారం ఏటా లక్షమందిలో సుమారు ఇద్దరికి ఈ వ్యాధి కొత్తగా వస్తుంది. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువమంది రెండు నుంచి ఐదేళ్లు బతుకుతారు. పదిమందిలో ఒకరు మాత్రం పదేళ్లు దాటుతారు. 1963లో 21 ఏళ్ల వయసులో ఈ వ్యాధి బయటపడిన స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా జీవించాడు. అది చాలా అరుదైన సంగతి.

దక్షిణ భారతానికి ఈ వ్యాధి చరిత్రలో ఒక ప్రత్యేక స్థానముంది. ముఖం, నాలుక, చేతుల కండరాలు నీరసించడంతోపాటు చెవుడు కూడా వచ్చే ఒక రకాన్ని 1970లో మద్రాసు వైద్యులు వర్ణించారు. దాన్ని మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి అంటారు. తమిళనాడు, కర్నాటక, ఆంధ్ర ప్రాంతాల్లోనే ఎక్కువగా కనిపించిన ఈ రకం చిన్న వయసులో మొదలై చాలా నెమ్మదిగా నడుస్తుంది; రోగులు దశాబ్దాలు బతుకుతారు. యువకుల్లో ఒక చెయ్యి సన్నబడి, కొన్నేళ్లకు ఆగిపోయే హిరయామా వ్యాధి మరొకటి. జపాన్‌లో 1959లో వెలుగులోకి వచ్చిన ఈ జబ్బు మీద బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు విస్తృతంగా పరిశోధించారు. ఈ జబ్బున్నవారు మెడ వంచినప్పుడు వెన్నుపాము ముందుకు నొక్కుకుంటుంది. మెడ వంగకుండా కాలర్ పెడితే చాలామందిలో జబ్బు పాకడం ఆగుతుంది. పైకి ఒకేలా కనిపించే జబ్బుల్లో ఒకటి రెండేళ్లలో మనిషిని కూలదోస్తుంది, ఇంకొకటి కాలర్‌తో ఆగుతుంది. కాబట్టి థెరపీ మొదలుపెట్టేముందు రకం ఏదో, వేగం ఎంతో తేల్చుకోవాలి.

మందుల లెక్క, మనుషుల లెక్క

ఈ వ్యాధికి అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు రిలుజోల్. అది 1995 నాటి మాట. మందు పరీక్షల్లో అది ఆయుష్షును రెండు మూడు నెలలు పొడిగించింది. ఆ తర్వాత ఎడారవోన్ వచ్చింది. ఎస్.ఓ.డి.1 అనే జన్యువులో లోపమున్న కొద్దిమంది కోసం 2023లో టోఫెర్సెన్ వచ్చింది.

వీటి పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. ఐర్లండ్‌లో నరాల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, మాట–మింగుడు నిపుణులు, నర్సు, ఆహార నిపుణులు కలిసి ఒకేచోట చూసే క్లినిక్‌కు వెళ్లిన రోగులనూ, మామూలు నరాల ఓపీకి వెళ్లిన రోగులనూ పోల్చారు. 2003లో ప్రచురించిన ఫలితాల్లో బృందం చూసినవారు ఏడున్నర నెలలు ఎక్కువ బతికారు. ఎవరు ఎక్కడికి వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించిన ప్రయోగం కాదది కాబట్టి ఆ ఏడున్నర నెలలూ అక్షరాలా బృందం పుణ్యమే అనడానికి లేదు. అయినా వయసు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ప్రయోజనం నిలబడింది. బ్రిటన్‌లో 2016లో విడుదలైన జాతీయ వైద్య మార్గదర్శకాలు, ఇలాంటి బృందం ప్రతి రోగినీ రెండు మూడు నెలలకోసారి చూడాలని చెబుతున్నాయి.

వ్యాయామం ఎంత?

ఈ వ్యాధి ఉన్నవారు వ్యాయామం చేయకూడదని వైద్యులు చాలాకాలం చెబుతూ వచ్చారు. ఆ భయానికి ఒక కారణం ఉంది. ఒక నాడీకణం చచ్చిపోయినప్పుడు అది నడిపించే కండపోగులు దిక్కులేనివవుతాయి. బతికున్న పక్క కణం కొత్త కొమ్మలు వేసి వాటిని కూడా తన కిందికి తెచ్చుకుంటుంది. ఊరొదిలి వెళ్లినవాడి చేను కూడా పక్క రైతే దున్నుకుంటున్నట్టు అన్నమాట. అందుకే చాలా కణాలు పోయేదాకా నీరసం బయటికి తెలియదు. ఇప్పటికే రెట్టింపు చాకిరీ చేస్తున్న కణాల మీద వ్యాయామ భారం కూడా మోపితే అవీ ముందే పోతాయేమోనని వైద్యులు జంకారు.

పరిశోధనల్లో ఆ భయం నిజమని తేలలేదు. ఇజ్రాయెల్‌లో 2001లో ప్రచురించిన అధ్యయనంలో 25 మంది రోగులను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున మితమైన వ్యాయామం చేసింది. మూడు నెలలకు ఆ జట్టులో రోజువారీ పనుల మార్కులు రెండో జట్టుకన్నా తక్కువే పడిపోయాయి, కండరాల బిగుతు కూడా తక్కువగా ఉంది. ఆరు నెలలకు రెండు జట్ల మధ్య స్పష్టమైన తేడా మిగల్లేదు. 2007లో 27 మంది మీద మరో ప్రయోగం జరిగింది. బరువులతో మితంగా కసరత్తు చేసినవారు ఆరు నెలలకు మెరుగ్గా ఉన్నారు, హాని కనిపించలేదు. 2018లో అమెరికాలో బరువులు, సైకిల్ తొక్కడం, సాగదీతలు మూడింటినీ పోల్చితే మూడూ సురక్షితమేనని తేలింది. ఇవన్నీ చిన్న అధ్యయనాలే. వ్యాయామం వ్యాధిని ఆపుతుందని ఏదీ చెప్పలేదు. మితంగా చేస్తే ముప్పు లేదనీ, మిగిలిన కండ వాడకం లేక వృథాగా కరగకుండా ఉంటుందనీ చెప్పుకోవచ్చు.

మితం ఎంతో తేల్చడమే ఫిజియోథెరపిస్టు పనితనం. బాగా ఉన్న కండరానికి తేలికపాటి పని ఇస్తారు. సొంత బరువునే ఎత్తలేని కండరానికి కసరత్తు పెట్టరు. ఆ కీలును మాత్రం చేత్తో పట్టి కదిలిస్తారు. వ్యాయామం చేసిన మర్నాటికి కూడా అలసట తీరకపోయినా, నొప్పి ఉన్నా, పిక్కలు పట్టేసినా మోతాదు ఎక్కువైందని అర్థం. వెంటనే తగ్గిస్తారు.

మన దగ్గర ఫిజియోథెరపీ అనగానే పక్షవాతం గుర్తొస్తుంది. పక్షవాతంలో దెబ్బ ఒక్కసారే తగులుతుంది. ఆ తర్వాత మెదడులోని మిగతా భాగాలు పని నేర్చుకుంటాయి కాబట్టి పట్టుబట్టి సాధన చేయిస్తే పోయిన కదలిక కొంత తిరిగొస్తుంది. ఇక్కడ దెబ్బ రోజూ తగులుతూనే ఉంటుంది. పక్షవాతపు రోగికి చెప్పినట్టు ఇంకా గట్టిగా ప్రయత్నించు, నీకు పట్టుదల లేదు అని ఈ రోగిని తరమడం అన్యాయం. కండ కరుగుతోందని డంబెల్స్ కొని తెచ్చే బంధువుల ప్రేమ గొప్పదే గాని, కరిగిన కండను ఆ డంబెల్స్ తిరిగి తేలేవు.

భుజం, మడమ, మెడ

కండరం చచ్చుబడడం నొప్పి పుట్టించదు. దాని ఆసరా పోయిన కీలు పుట్టిస్తుంది. భుజం ఇందుకు పెద్ద ఉదాహరణ. చెయ్యి ఎత్తలేకపోతే కొన్ని వారాల్లోనే భుజం కీలు చుట్టూ ఉన్న సంచి ముడుచుకుని పట్టేస్తుంది. ఇక చొక్కా తొడిగినా ప్రాణం పోయినంత బాధ. రోజూ రెండు పూటలా, పది నిమిషాలపాటు ఇంట్లోవాళ్లు ఆ చేతిని నెమ్మదిగా పైకీ పక్కకీ తిప్పితే ఈ నొప్పిని చాలావరకు రానివ్వకుండా చూడొచ్చు. ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పితే ఇంటివాళ్లు చేయగల పని ఇది. దాంతోపాటే ఇంకో మాట చెబుతారు: లేవదీసేటప్పుడు చెయ్యి పట్టి గుంజకూడదు. ఆసరా లేని భుజం కీలు అలాగే జారిపోతుంది.

చాలామందిలో మొదటి సంకేతం చెప్పు దగ్గర దొరుకుతుంది. నడుస్తుంటే హవాయి చెప్పు కాలి నుంచి జారిపోతుంది, మనిషికి తెలియదు. పాదాన్ని పైకెత్తే కండరం నీరసించడంతో వేళ్లు నేలకు రాసుకుంటాయి, చదునైన గచ్చు మీదే తట్టుకుని పడతారు. మొదట చేయవలసింది మడమ వెనక పట్టీ ఉన్న తేలికపాటి చెప్పుకు మారడం. తర్వాత, పాదాన్ని లంబకోణంలో నిలిపే ప్లాస్టిక్ ఊతం. పిక్క వెనక నుంచి అరికాలి కింది దాకా ఉండే ఈ తొడుగును కొలత తీసుకుని తయారుచేస్తారు. బరువైన తొడుగు నీరసించిన తొడకు భారమవుతుంది కాబట్టి తేలికదనమే దాని మొదటి గుణం.

కండరాల బిగుతు విషయంలో తొందరపాటు పనికిరాదు. కొందరు నిలబడగలుగుతున్నది బిగుసుకున్న ఆ కాళ్ల వల్లనే. మందుతో దాన్ని పూర్తిగా సడలిస్తే ఉన్న నడక కాస్తా పోతుంది. ఎంత సడలించాలో వైద్యుడూ ఫిజియోథెరపిస్టూ కలిసి నిర్ణయించాలి.

మెడ నిలవకపోతే మనిషి ఎదుటివారి ముఖం చూడలేడు, గుటక సరిగా పడదు, ఊపిరి కూడా ఇబ్బందే. గట్టి కాలర్ గడ్డాన్ని నొక్కేస్తుంది, నోరు తెరవనివ్వదు. ఈ సమస్య మీద ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు రోగులనే కూర్చోబెట్టుకుని పనిచేశారు. మెత్తని బట్ట పట్టీకి ఎక్కడ ఆసరా కావాలో అక్కడ మాత్రమే కడ్డీలు అమర్చుకునే కాలర్‌ను రూపొందించారు. రోగి మాట విని చేసిన పరికరమే రోగి ఒంటి మీద నిలుస్తుంది.

దగ్గు అనే రక్షణ

ఈ వ్యాధిలో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఊపిరి కండరాల నీరసంతోనే. అది పట్టపగలు ఆయాసంగా మొదలవ్వాలని లేదు. వెల్లకిలా పడుకోలేకపోవడం, రాత్రిళ్లు పదేపదే మెలకువ రావడం, పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునుకుపాట్లు దాని గుర్తులు. పడుకున్నప్పుడు పొట్టలోని అవయవాలు నీరసించిన ఉదర వితానాన్ని పైకి నెట్టడమే దీనికి కారణం.

దగ్గు కూడా కండరాల పనే. ఆరోగ్యవంతులు దగ్గినప్పుడు నిమిషానికి సుమారు 400 లీటర్లకు పైబడిన వేగంతో గాలి బయటికి దూసుకొస్తుంది. అది 270కి పడిపోతే మామూలు జలుబు కూడా న్యుమోనియా కావచ్చు. 160 కంటే తగ్గితే కఫం బయటికి రాదు. ఈ వేగాన్ని కొలిచే పరికరం చిన్నది, చవకైనది. ఆస్తమా రోగులు ఊదే పీక్ ఫ్లో మీటరే దీనికీ పనికొస్తుంది.

వేగం తగ్గినప్పుడు ఫిజియోథెరపిస్టు దగ్గర మూడు దారులున్నాయి. ఒక శ్వాస మీద ఇంకో శ్వాస పీల్చి, బయటికి వదలకుండా ఛాతీ నిండేదాకా గాలి పేర్చుకోవడం మొదటిది. సొంతంగా చేయలేకపోతే చేత్తో నొక్కే అంబు సంచితో చేయిస్తారు. రోగి దగ్గే క్షణానికి సరిగ్గా పొట్ట పైభాగాన్ని చేతులతో నొక్కి ఊతమివ్వడం రెండోది. దగ్గు యంత్రం మూడోది. అది మాస్కు ద్వారా గాలిని లోపలికి నింపి, మరుక్షణం వెనక్కి లాగి కఫాన్ని పైకి తెస్తుంది.

రాత్రివేళ మాస్కుతో ఊపిరికి సాయపడే బైపాప్ యంత్రం విలువ 2006లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 41 మంది మీద జరిగిన ప్రయోగంలో రుజువైంది. గొంతు కండరాలు మరీ దెబ్బతినని రోగుల్లో అది 205 రోజుల ఆయుష్షునిచ్చింది, ఆ రోజుల నాణ్యతనూ కాపాడింది. ఇళ్లలో తరచు జరిగే ఒక పొరపాటును ఇక్కడే చెప్పాలి. ఆయాసపడుతున్నారని నేరుగా ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెడతారు. ఈ రోగికి లోటు ఆక్సిజన్‌ది కాదు, గాలిని లోపలికీ బయటికీ ఆడించే బలానిది. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఒక్క ఆక్సిజనే ఇస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్మి ప్రమాదం ముంచుకొస్తుంది.

అన్నం కలిపే చెయ్యి, గడప దాటే కాలు

మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణను మొదలుపెట్టింది కమలా నింబ్‌కర్. అమెరికాలో పుట్టి, ఇక్కడి కుటుంబంలో కోడలై వచ్చిన ఆమె 1950లో బొంబాయిలో మొదటి విద్యాలయాన్ని ఏర్పాటు చేశారు. ఈ వృత్తివారు రోగిని అడిగే మొదటి ప్రశ్న నొప్పి ఎక్కడ అని కాదు. మీరు రోజూ చేసుకునే పనుల్లో ఏది వదులుకోవడం మీకు అన్నిటికన్నా కష్టంగా ఉంది అని అడుగుతారు. ఒకరికి అది అన్నం కలుపుకుని తినడం కావచ్చు. ఒకరికి పూజ. ఇంకొకరికి మనవరాలి జడ వేయడం.

భోజనమే తీసుకుంటే, ముద్ద కలపడానికి వేళ్లన్నీ కలిసి పనిచేయాలి. ఆ పట్టు పోయినప్పుడు లావు పిడి చెమ్చా సాయపడుతుంది. మామూలు చెమ్చాకే ఫోం గొట్టం తొడిగితే సరిపోతుంది. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో అన్నం బయటికి జారదు, అంచుకు ఆనించి చెమ్చాలోకి తీసుకోవచ్చు. కింద తడిగుడ్డ వేస్తే పళ్లెం కదలదు. మోచేతిని బల్ల మీద ఆనించుకుంటే భుజం బలం అక్కర్లేకుండానే చెయ్యి నోటిదాకా వెళుతుంది. ఇవేవీ ఖరీదైనవి కావు.

బట్టల దగ్గర గుండీల స్థానంలో అతుక్కునే పట్టీ, బొందు స్థానంలో ఎలాస్టిక్, కుచ్చిళ్లు ముందే కుట్టిన చీర. స్నానాల గదిలో జారని చాప, గోడకు గట్టి పట్టుకమ్మీ, కూర్చుని చేయడానికి కుర్చీ, మగ్గు ఎత్తే పని లేకుండా చేత్తో పట్టుకునే షవర్. నేలబారు దొడ్డి ఉన్న ఇళ్లలో తొడలు నీరసించినవారు కూర్చుంటే లేవలేరు. దానిమీద పెట్టే కమోడ్ కుర్చీ అన్నిటికన్నా ముందు కొనవలసిన వస్తువు. అమెరికన్ ప్రొఫెసర్ మోరీ ష్వార్జ్ కథను పుస్తకంగా ప్రపంచమంతా చదివింది. ఈ వ్యాధిలో తాను అన్నిటికన్నా భయపడేది ఒకనాడు తన మలం మరొకరు కడగవలసి రావడానికేనని ఆయన టీవీలో దాపరికం లేకుండా చెప్పాడు. ఆ రోజును ఆరు నెలలు వెనక్కి నెట్టగలిగిన పట్టుకమ్మీ మనిషి గౌరవాన్ని నిలబెట్టే సాధనం.

గడపలు, మెట్లు మరో అడ్డంకి. వీల్‌చెయిర్‌కు వేసే ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. వీధి అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు కావాలి. తాపీ మేస్త్రీ చోటు లేదని ఆరడుగుల్లో ముగిస్తే అది నిటారుగా లేచి, కుర్చీ వెనక్కి దొర్లే ప్రమాదం తెస్తుంది. 2001 జనవరిలో హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు ఆయన కుర్చీ కోసం కుతుబ్ మినార్ వంటి చారిత్రక కట్టడాల దగ్గర తాత్కాలికంగా చెక్క ర్యాంపులు వేశారు. అంతకాలం వాటి మెట్ల ముందే ఎంతమంది ఆగిపోయి ఉంటారో ఆలోచించాలి.

రాత్రి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఒత్తిగిల్లలేని మనిషికి రాత్రి చాలా పొడవు. స్పర్శ ఉంటుంది కాబట్టి పడుకున్న పక్క నొప్పి, దుప్పటి ముడత, చీమ కుట్టడం అన్నీ తెలుస్తాయి. నడుము కింద నున్నటి శాటిన్ గుడ్డ పరిస్తే ఉన్న కొద్ది బలంతోనే జరగగలుగుతారు. ఆ బలమూ పోయాక గాలి పరుపు, పిలవడానికి తాకితే మోగే గంట కావాలి.

వీటన్నిటికీ మించి థెరపిస్టు నేర్పేది ఓపికను ఖర్చుపెట్టే పద్ధతి. స్నానం, షేవింగ్, బట్టలు వరసగా చేసి డస్సిపోయిన మనిషికి టిఫిన్ తినే శక్తి ఉండదు. స్నానం సాయంత్రానికి మార్చి, షేవింగ్ కూర్చుని చేసుకుని, మధ్యాహ్నం అరగంట పడుకుంటే స్నేహితుడు వచ్చిన వేళకు కబుర్లు చెప్పే ఓపిక మిగులుతుంది. పెన్సిల్, కాగితం తీసుకుని రోగితో కలిసి రోజును తిరగరాయడం కూడా చికిత్సే.

చూపుతో మాట

1985లో న్యుమోనియా వచ్చి గొంతుకు రంధ్రం చేయడంతో హాకింగ్ మాట పూర్తిగా పోయింది. కంప్యూటర్ తెర మీద పదాలను చేతిలోని మీటతో ఎంచుకుని వాక్యాలు పేర్చాడు. చెయ్యి కూడా సహకరించనప్పుడు చెంప కండరపు కదలికను పసిగట్టే పరికరాన్ని కళ్లద్దాలకు అమర్చారు. ఒంట్లో ఏ ఒక్క కదలిక నమ్మకంగా మిగిలిందో వెతికి, దాన్ని మీటగా మార్చడమే సూత్రం. చివరిదాకా మిగిలేవి సాధారణంగా కళ్లే. ఇరవయ్యేళ్ల వయసులో ఈ వ్యాధి బయటపడిన అమెరికన్ గిటారిస్టు జేసన్ బెకర్ తండ్రి తయారుచేసిన అక్షరాల పటాన్ని చూపుతో నడిపిస్తూ మాట్లాడతాడు, సంగీతం కూరుస్తాడు. ఇదే వ్యాధి ఉన్న ఫుట్‌బాల్ ఆటగాడు స్టీవ్ గ్లీసన్ పేరుతో అమెరికాలో 2015లో చట్టమే వచ్చింది. మాటకు సాయపడే పరికరాలు ప్రభుత్వ బీమా కింద రోగులకు అందేలా అది చేసింది.

యంత్రం లేకపోయినా తెలుగు వర్ణమాలతోనే ఈ పని చేయవచ్చు. వర్గాలుగా అమరిన మన అక్షరాలు ఇందుకు అనువైనవి. రోగికి నీళ్లు కావాలనుకుందాం. ఎదుటివారు క, చ, ట, త అని వరసలు చదువుతారు. త దగ్గర రోగి రెప్ప వేస్తాడు. త, థ, ద, ధ, న అని చదివితే న దగ్గర మళ్లీ రెప్ప. తర్వాత న గుణింతం: న, నా, ని, నీ. అంతలోనే మాట అర్థమైపోతుంది. నొప్పి, దురద, ఉమ్మి, ఫ్యాను, పక్కకు తిప్పు వంటి రోజువారీ మాటలకు వేరే అట్ట పెట్టుకుంటే ఇంకా తొందరగా సాగుతుంది.

మాట పూర్తిగా పోకముందే చేయవలసిన పని ఒకటుంది. సొంత గొంతును రికార్డు చేసి పెట్టుకోవడం. పిల్లల్ని పిలిచే తీరు, భార్యనో భర్తనో పిలిచే ముద్దుపేరు, తిట్టు, నవ్వు, దీవెన ఇవన్నీ ఫోనులోనే దాచుకోవచ్చు. గొంతు ముద్దగా మారాక చేద్దామంటే కుదరదు.

ఇదే ఈ చికిత్స మొత్తానికి కీలకం. మామూలుగా అవసరం వచ్చాక వస్తువు వస్తుంది. ఇక్కడ అవసరం రాబోతోందని తెలిసినప్పుడే రావాలి. వీల్‌చెయిర్‌కు కొలత ఇచ్చి, అది చేతికి అందేసరికి రోగికి మెడ నిలవకపోతే, వెనక్కి వాల్చే వీలులేని ఆ కుర్చీ మూలన పడుతుంది. నడవగలిగే రోజుల్లోనే కుర్చీ గురించి మాట్లాడడం మనసుకు కష్టమే. ఆ మాటను సున్నితంగా, సమయానికి చెప్పగలిగినవారే మంచి థెరపిస్టులు.

మోసేవారి నడుము

భార్య, భర్త, కూతురు, కొడుకు, కోడలు. ఈ వ్యాధిలో అసలైన రాత్రి డ్యూటీ వీళ్లదే. మనిషిని మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచడం, చంకల్లో చేతులు వేసి లేపకుండా నడుముకు పట్టీ కట్టి లేవదీయడం, జారుడు పలకను వాడడం వీళ్లకు నేర్పకపోతే ఇంట్లో రెండో రోగి తయారవుతారు.

ఆలోచనలో మార్పులూ రావచ్చు. సుమారు సగం మందిలో నిర్ణయాలు తీసుకోవడంలోనో, మాటలు వెతుక్కోవడంలోనో కొంత ఇబ్బంది కనిపిస్తుంది. పదిశాతానికి పైగా రోగుల్లో అది డిమెన్షియాగా ముదురుతుంది. కొందరికి బాధ లేకుండానే ఏడుపు, సంతోషం లేకుండానే నవ్వు ముంచుకొస్తాయి. ఇది కావాలని చేస్తున్నది కాదనీ, జబ్బులో భాగమనీ కుటుంబానికి తెలిస్తే ఎన్నో అపార్థాలు తొలగిపోతాయి. ఆలోచనలో ఇబ్బంది ఉన్నవారికి థెరపిస్టు సూచనలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చెబుతారు, బొమ్మలు గీసి గోడకు అంటిస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో ఫిజియోథెరపిస్టులు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతున్నారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు మాత్రం పెద్ద నగరాలు దాటితే అరుదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీర్ఘకాలిక నాడీ సంబంధ స్థితులను, కదలిక లోపాలను వైకల్యాలుగా గుర్తించింది. ధ్రువపత్రం తీసుకుంటే సహాయ పరికరాలకూ రాయితీలకూ దారి తెరుచుకుంటుంది. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ రెండు వృత్తులూ జాతీయ కమిషన్ కిందికి వచ్చాయి. ఇక ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉండాలని అడగడం అత్యాశ కాదు.

మీ ఇంట్లోనో, తెలిసినవారి ఇంట్లోనో ఈ జబ్బు పేరు వినబడితే, ఏమీ చేయలేమన్న మాటతో ఇంటికి తిరిగి రాకండి. ఆ రోజే ఫిజియోథెరపిస్టుకూ, దొరికితే ఆక్యుపేషనల్ థెరపిస్టుకూ చీటీ రాయించుకోండి. ఊపిరి పరీక్ష, దగ్గు వేగం కొలత ఎప్పుడు చేస్తారో అడగండి. రెండు మూడు నెలల్లో మళ్లీ చూపించుకోవడానికి తేదీ వేయించుకోండి. ఆ సాయంత్రమే ఫోను తీసి, గొంతు బాగున్నప్పుడే మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టండి.